సామాను దింపాకే ట్రైల్

శనివారం తెల్లవారుజామున విశాఖ నుంచి పాడేరు వైపు వెళ్ళే అడ్వెంచర్ మోటారు సైకిళ్ళను గమనించండి. చాలావాటి వెనక ఒక కాపురమే కట్టి ఉంటుంది. టెంటు, స్లీపింగ్ బ్యాగు, చాప, పొయ్యి, మడత కుర్చీ, రెండు జతల బట్టలు, అన్నిటి మీదా వానకోటు. ఆ మూటతోనే ఘాట్ ఎక్కుతారు, ఆ మూటతోనే కాఫీ తోటల మధ్య మట్టిబాటలోకి దిగుతారు, ఆ మూటతోనే పడతారు. పడ్డ బండిని లేపడానికి ముగ్గురు దిగాల్సి వస్తుంది. ఈ పద్ధతి తప్పని నా వాదన. మట్టిబాటల్లో బండి నడిపే రెండు రోజుల ట్రైల్ రైడ్‌కి గుడారం ఒకచోట వెయ్యాలి, సామానంతా అక్కడ దింపెయ్యాలి, ఖాళీ బండితో చుట్లు తిరిగి సాయంత్రానికి మళ్ళీ అక్కడికే చేరాలి. బళ్ళు ఆరుకి మించకూడదు. టైర్లు, గేర్లు, రాళ్ళూ వాగులూ అన్నీ వీటి తర్వాతే.

బరువు లెక్క చూద్దాం. హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ పెట్రోలుతో కలిపి 160 కిలోల లోపే. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 అయితే 199, 450 అయితే 196. పైన చెప్పిన మూటని ఎంత పొదుపుగా కట్టినా 18 నుంచి 22 కిలోలు తూగుతుంది. అల్యూమినియం పెట్టెలూ, వాటిని మోసే ఇనుప చట్రమూ వేరు. బండి బరువులో ఎనిమిదో వంతే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఎనిమిదో వంతు ఎక్కడ కూర్చుందనేదే అసలు సంగతి. అది సీటు కంటే ఎత్తున, వెనక ఇరుసుకి కాస్త వెనగ్గా కూర్చుంటుంది. చడావు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలికై, హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. వెనక స్ప్రింగు మూట బరువుకే ముందే అణిగిపోయి ఉంటుంది కాబట్టి రాయి తగిలినప్పుడు అణగడానికి చోటుండదు, దెబ్బ నేరుగా క్యారియర్ బోల్టులకి పోతుంది. తారు మీద ఏళ్ళ తరబడి నిలిచిన క్యారియర్ మట్టిబాటలో ఒక్క పూటలో విరగడానికి కారణం ఇదే. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది: దిగుడులో ఒంటిని సీటు వెనక్కి జరపాలి. మూట అక్కడ అడ్డంగా ఉంటే జరగలేరు. బరువంతా చేతుల మీదికి, ముందు చక్రం మీదికి వస్తుంది. అక్కడే బండి తలకిందులయ్యేది.

మరి సామాను ఎలా చేరుతుంది? పాడేరు, చింతపల్లి చుట్టుపక్కల తారు రోడ్డు ఆగిపోయే ఊరిదాకా జీపులూ ఆటోలూ తిరుగుతూనే ఉంటాయి. ఆరుగురి టెంట్లు, పరుపులు, వంట సామాను, 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు మూడు ఒక్క జీపులో పట్టేస్తాయి. కిరాయి ఆరు భాగాలు వేసుకుంటే ఒక్కో మనిషికి పెద్ద ఖర్చు కాదు, ఆ డబ్బు ఆ ప్రాంతంలోనే ఉంటుంది. జీపు వద్దనుకుంటే సామాను బళ్ళ మీదే కట్టుకుని తారు రోడ్డున గుడారం దాకా రండి, అక్కడ దింపండి. మూటతో మట్టిలోకి దిగకపోతే చాలు.

దీనికి రెండు అభ్యంతరాలు ఎప్పుడూ వినిపిస్తాయి. మొదటిది, మన సామాను మనమే మోసుకుంటేనే అసలైన సాహసం అని. లదాఖ్‌కి పదిహేను రోజులు వెళ్ళేవాళ్ళకి ఆ మాట సరిపోతుంది, అక్కడ ప్రయాణంలో ఎక్కువ భాగం రోడ్డే. రెండు రోజుల ట్రైల్‌లో వచ్చిన పని వేరు: నిలబడి నడపడం, వదులు రాళ్ళ మీద చక్రం జారినా బెదరకపోవడం, క్లచ్ వేళ్ళతో బండిని అంగుళం అంగుళం కదపడం. ఇవి తేలిక బండి మీదే వంటబడతాయి. రెండోది, ఒకచోటే ఉంటే విసుగని. ఒకే బాటని అటు ఒకసారి, ఇటు ఒకసారి నడిపి చూడండి. పొద్దున్న ఎక్కిన చడావు సాయంత్రం దిగుడవుతుంది, ఎక్కేటప్పుడు ఆసరాగా నిలిచిన రాయి దిగేటప్పుడు గుంట అంచవుతుంది. అది రెండో బాట కిందే లెక్క. ఇంకో లాభం కూడా ఉంది: 50 కిలోమీటర్ల చుట్టుకి ఏ ట్యాంకైనా సరిపోతుంది. మట్టిలో మైలేజీ మూడో వంతు పడిపోయినా ఎక్స్‌పల్స్ 13 లీటర్ల ట్యాంకుకి ఢోకా లేదు. సీసాల్లో పెట్రోలు మోసే ప్రమాదం తప్పుతుంది.

ఇక ఆరుగురు. నవంబరు, డిసెంబరుల్లో ఈ కొండల్లో సాయంత్రం 5:30కే చీకటి పడుతుంది, లోయల్లో ఇంకా ముందే. మంచు విడిచి బాట కనబడేసరికి 8 అవుతుంది. 3:30కి గుడారం చేరాలనుకుంటే చేతిలో ఉన్నది ఏడున్నర గంటలు. అందులో తిండికి గంట, నీళ్ళకీ విశ్రాంతికీ గంట తీసెయ్యండి, ఐదున్నర మిగిలింది. ట్రైల్‌లో ప్రతి మనిషీ రోజుకి రెండుసార్లయినా ఆగుతాడు: పడిపోవడం, గొలుసు జారడం, గ్లవ్ ఊడటం, దారి తప్పడం. ఒక్కో ఆగుడు పది నిమిషాలనుకుంటే ఆరుగురికి రెండు గంటలు. మిగిలిన మూడున్నర గంటల్లో, గంటకి 15 కిలోమీటర్ల చొప్పున, 50 కిలోమీటర్ల పైచిలుకు నడుస్తుంది. ఇదే లెక్కలో పదిహేను మందిని వేసి చూడండి. ఆగుళ్ళకే ఐదు గంటలు పోయి, నడపడానికి అరగంట మిగులుతుంది. అప్పుడు ఆ పదిహేను మంది చేసేది చీకట్లో దిగుడు దిగడం. పెద్ద గుంపుల్లో ఎముకలు విరిగేది ఎక్కువగా ఆ ఆఖరి గంటలోనే. నలుగురికంటే తగ్గినా నేను ఒప్పుకోను: ఒకరికి దెబ్బ తగిలితే దగ్గర ఒకరుండాలి, సాయానికి ఇద్దరు కలిసి వెళ్ళాలి.

నడిచే వరస ఇలా. ముందు దారి తెలిసినవాడు, అందరికంటే వెనక అందరికంటే బాగా నడిపేవాడు. ఈ రెండో స్థానాన్ని చాలామంది కొత్తవాళ్ళకి వదిలేస్తారు, అది మహా పొరపాటు. వెనక ఉన్నవాడే పడ్డవాళ్ళని లేపాలి, పంచర్లు వెయ్యాలి, ఎవరూ మిగిలిపోలేదని తేల్చాలి. పనిముట్ల సంచీ అతని దగ్గరే ఉండాలి. కొత్తవాళ్ళు రెండో, మూడో చోట. బాట చీలిన ప్రతిచోటా ముందువాడు ఆగి, తన వెనకున్న మనిషిని అక్కడ నిలబెట్టి సాగుతాడు. ఆ మనిషి మిగతావాళ్ళకి దారి చూపించి, ఆఖరివాడు కనబడ్డాక అతని ముందు వరసలో చేరతాడు. తరువాతి చీలిక దగ్గర నిలబడేది ఇంకొకడు. ఈ పద్ధతిలో ఒకటే నియమం: నిలబెట్టిన చోటు నుంచి కదలకూడదు. పావుగంటైనా, అరగంటైనా. ఆ మనిషి కదిలిన మరుక్షణం మొత్తం వరస తెగిపోతుంది. ఎండాకాలం దగ్గరపడేకొద్దీ ఎర్రమట్టి దుమ్ము లేస్తుంది కాబట్టి ముందు బండి దుమ్ము అణిగేంత ఎడం వదలండి. వెనకాలే అంటుకుని పోతే గుంట కనబడదు, గాలి ఫిల్టర్ కూడా మధ్యాహ్నానికే పూడుకుపోతుంది.

టైర్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఎక్స్‌పల్స్‌కీ హిమాలయన్ 411కీ ముందు చక్రం 21 అంగుళాలు, లోపల ట్యూబు. తారు మీద ముందు 25, వెనక 30 పీఎస్‌ఐ ప్రాంతంలో ఉండే గాలిని మట్టిలోకి దిగేముందు ముందు 18-20కి, వెనక 20-22కి దింపాలి. గాలి తగ్గిన టైరు రాయి మీద పరుచుకుని పట్టు పెంచుతుంది, చేతులకి తగిలే అదురు బాగా తగ్గుతుంది. మరీ 15 కిందికి దింపితే రెండు రకాల చేటు. రాయి కొట్టినప్పుడు టైరు రిమ్ముదాకా నలిగి, మధ్యలో ఇరుక్కున్న ట్యూబుకి పక్కపక్కన రెండు చీలికలు పడతాయి. లేదా టైరు రిమ్ము మీద జారి, దాంతో పాటు ట్యూబుని లాక్కుపోయి, వాల్వు మొదట్లో తెంపేస్తుంది. తెగిన వాల్వుకి ప్యాచీ పడదు, ట్యూబు మార్చాల్సిందే. అందుకే వాల్వు మీద రిమ్ముకి బిగించే నట్టుని బిగించకుండా పైకి, టోపీ దగ్గరకి వదిలెయ్యాలి. ట్యూబు జారడం మొదలైతే వాల్వు వంగి కనబడుతుంది, గాలి తీసి సరిచేసుకోవచ్చు. రాళ్ళు ఎక్కువున్న చుట్టుకి 20 కిందికి పోవద్దు, ఒట్టి మట్టి అయితే 18 హాయి. హిమాలయన్ 450కి ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు కూడా వచ్చాయి. వాటికి పంచరు పుల్ల గుచ్చితే సరిపోతుంది కానీ రిమ్ము సొట్ట పోతే గాలి నిలవదు, కాబట్టి అక్కడా ఒక ట్యూబు సంచీలో ఉండాల్సిందే.

ట్యూబు మార్చడం ఇంటి దగ్గర ఒకసారైనా చెయ్యని మనిషి ట్రైల్‌కి రాకూడదని నా పట్టుదల. పని కష్టం కాదు, కిటుకు తెలియకపోతేనే కష్టం. చక్రం విప్పాక వాల్వు పిన్ను తీసి గాలంతా పోనివ్వాలి. టైరు అంచు రిమ్ముకి అతుక్కుని ఉంటుంది. ఇంకో బండి సైడ్ స్టాండు దాని మీద ఆనించి, ఆ బండిని అటువైపు మెల్లగా వంచితే ఊడి వస్తుంది. తరవాత కిటుకంతా ఒకటే: రిమ్ము నడుమ లోతైన గాడి ఉంటుంది. మీరు టైరు ఊడదీసే లివర్ పెట్టిన చోటుకి సరిగ్గా ఎదురు వైపున టైరు అంచుని మోకాలితో ఆ గాడిలోకి నొక్కి ఉంచాలి. అప్పుడే ఇటువైపు వదులు దొరుకుతుంది. బలం వాడాల్సి వస్తోందంటే అటువైపు అంచు గాడిలోంచి పైకి వచ్చేసిందన్నమాట. సబ్బు నీళ్ళుంటే మేలు. కొత్త ట్యూబు పెట్టేముందు టైరు లోపలంతా గుడ్డతో తడమాలి. కొండ దిగి మైదానపు చెరువుగట్ల మీదికి వస్తే సర్కారు తుమ్మ ముల్లు టైరులో విరిగి, మొన మాత్రం లోపల మిగిలిపోతుంది. అది తియ్యకుండా వేసిన ట్యూబు కిలోమీటరు పోదు. ట్యూబు గుండ్రంగా నిలబడేంత కొద్దిగా గాలి కొట్టి లోపల పెట్టండి, మడత పడదు. ఆఖరి జానెడు అంచుని లివర్‌తో ఎక్కించేటప్పుడే చాలామంది కొత్త ట్యూబుని నొక్కి చింపేస్తారు. లివర్‌ని రెండు అంగుళాల కంటే లోపలికి దూర్చకండి. ఒకటే ట్యూబు మోయగలిగితే 21 అంగుళాలది మొయ్యండి. వెనక చిన్న చక్రంలోనూ దాన్ని సర్ది నెమ్మదిగా గుడారం చేరొచ్చు. వెనక చక్రం ట్యూబుని 21లో సాగదీస్తే పలచబడి చిరుగుతుంది.

చుట్టుకి వెళ్ళేటప్పుడు మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఒక ట్యూబు. గుంపు మొత్తానికి: పంపులు రెండు, టైర్ లివర్లు మూడు, ప్యాచీ సామాను, ప్రతి బండి గొలుసు సైజుకీ జాయింట్ లింకు, ఒక స్పార్క్ ప్లగ్గు, ప్లగ్గు స్పానర్, ఎం-సీల్, ఇన్సులేషన్ టేపు, కట్టుతీగ, జిప్ ట్యాగులు, ఐదు మీటర్ల పట్టీ తాడు. క్లచ్ కేబులు సంచీలో మోసే బదులు, పాత కేబులు పక్కనే కొత్తది వేసి రెండు చివర్లూ టేపుతో చుట్టేస్తే తెగినప్పుడు కొసలు మార్చడమే పని. ఎం-సీల్ ఎందుకంటే రాయి తగిలి ఇంజిన్ కేసు బీటలు వారి ఆయిలు కారితే, బీటని పెట్రోలు గుడ్డతో తుడిచి, గీరి, అది పూసి గంటసేపు ఆరనిస్తే గుడారందాకా తెస్తుంది. గొలుసు లింకు క్లిప్పుకి మూసిన కొస గొలుసు తిరిగే దిక్కుకి ఉండాలి. తిరగేసి పెడితే రాయి తగిలి ఊడుతుంది. బయల్దేరేముందు క్లచ్, బ్రేకు పిడుల బిగింపులు చేత్తో గట్టిగా తోస్తే తిరిగేంత వదులుగా ఉంచండి. పడ్డప్పుడు పిడి తిరుగుతుంది, విరగదు. ఆ పిడుల్నే కాస్త కిందికి వంచితే నిలబడి నడిపేటప్పుడు మణికట్టు నొప్పి రాదు. అద్దాలు విప్పి గుడారంలో పెట్టండి. తారు ఎక్కేముందు మళ్ళీ బిగించాలి.

చడావు మీద ఒక్కొక్క బండే ఎక్కాలి. పైనున్నవాడు చెయ్యి ఊపాకే రెండోది కదలాలి. మధ్యలో ఎవరూ ఆగకూడదు, జారివచ్చే బండి కింద ఉన్నవాడిని తీసుకుపోతుంది. రెండో గేరు, ఒకే తీరు యాక్సిలరేటర్, చూపు ముందు చక్రం మీద కాదు, ఇరవై ముప్పై మీటర్ల అవతల. మధ్యలో ఇంజిను ఆగిపోతే చాలామంది చేసే తప్పు క్లచ్ నొక్కి ముందు బ్రేకు పట్టుకోవడం. వాలు మీద ముందు చక్రం బరువు లేక బ్రేకు పట్టినా వెనక్కి జారుతుంది. బండిని గేరులోనే వదిలి క్లచ్ విడవండి, ఇంజినే బ్రేకు అవుతుంది. వాలుకి పై వైపు దిగి, క్లచ్ కొద్దికొద్దిగా నొక్కుతూ వదులుతూ, హ్యాండిల్ తిప్పి, బండిని అడ్డంగా తెచ్చి, తరవాత కిందికి మళ్ళించాలి. వాలులో పడ్డ బండిని చక్రాలు పైకి ఉండగా లేపబోతే నడుము పోతుంది. ముందు నేల మీదే తిప్పి, చక్రాలు కింది వైపుకి తెచ్చుకుని అప్పుడు లేపండి. దిగుడులో మొదటి గేరు, క్లచ్ ముట్టుకోకూడదు, వెనక బ్రేకు సన్నగా, ముందు బ్రేకు ఒక్క వేలితో. ముందు బ్రేకు అసలే వాడొద్దని చెప్పేవాళ్ళ మాట వినకండి. దిగుడులో బరువంతా ముందే ఉంటుంది, బండిని ఆపగలిగేది అదే. బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ని వెనక చక్రానికి ఆపే వీలున్న బళ్ళలో ఆపెయ్యండి.

ఈ కొండల్లో వాగుని గెడ్డ అంటారు. గెడ్డ దాటేముందు బూట్లతోనే నడిచి చూడాలి. నీళ్ళు మోకాలు దాటినా, కాళ్ళని లాగుతున్నా, అడుగు తెలియకపోయినా వెనక్కి తిరగండి. దాటొచ్చు అనిపిస్తే మొదటి గేరులో ఒకే వేగం. దూకుడుగా పోతే అల లేచి గాలి గొట్టంలోకి నీళ్ళు పోతాయి. తోసుకుని దాటించాల్సి వస్తే ప్రవాహం వచ్చే వైపున నిలబడండి, అవతలివైపు ఉంటే బండి మీద పడుతుంది. నీళ్ళలో ఇంజిను దగ్గిన క్షణంలోనే ఇంజిను ఆపే కిల్ స్విచ్ నొక్కాలి. ఒడ్డుకి తెచ్చాక స్టార్టర్ బటన్ వైపు ఎవరి వేలూ పోకుండా చూడటం వెనకున్నవాడి బాధ్యత. సిలిండరులో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, నొక్కబోయి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పావుగంటలో సరయ్యేది ఇంజిను విప్పే పనిగా మారుతుంది. ప్లగ్గు తీసి, ఆ రంధ్రం తెరిచే ఉంచి ఇంజిను తిప్పితే నీళ్ళు చిమ్ముతాయి. గాలి ఫిల్టర్ పెట్టె ఖాళీ చేసి, ఫిల్టర్ ఆరబెట్టి, ఆయిలు రంగు చూడాలి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆయిలు మార్చేదాకా ఆ బండి నడవకూడదు. తాడుతో లాక్కురండి: తాడు ముందు బండి కుడి ఫుట్‌రెస్టుకి కట్టి, రెండో కొసని వెనక బండి ఎడమ ఫుట్‌రెస్టుకి ఒక చుట్టు చుట్టి బూటు కింద తొక్కి పట్టాలి. ముడి వెయ్యకూడదు. కాలు ఎత్తగానే తాడు దానంతట అదే ఊడిపోవాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మనం ట్రైల్ అంటున్నది ఎవరో రోజూ నడిచే బాట. సంతకి పసుపు, రాజ్మా మోసుకెళ్ళేది ఆ బాటనే, బడికి పిల్లలు పోయేది ఆ బాటనే, జీపు రాని చోట రోగిని డోలీ కట్టి దింపేది ఆ బాటనే. వాన వెలిసిన మర్నాడు ఆరు బళ్ళు ముళ్ళటైర్లతో అక్కడ చాలు తీస్తే, ఆ చాలులో నీళ్ళు పారి, తరువాతి వానకి బాట కోసుకుపోతుంది. డోలీ మోసేవాళ్ళ కాలు జారేది అక్కడే. అందుకని వాన పడితే రెండు మూడు రోజులు ఎండేదాకా ఆగాలి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో తుపాను మాట వినబడితే ఆ వారం ప్రయాణం మానుకోవాలి. మనుషులు ఎదురైతే నిలబడండి, పక్కన నుంచి నెమ్మదిగా పోవడం కాదు, ఇంజిను ఆపి నిలబడండి. మందలున్నా అంతే. ఆ ఊరి సంత ఏ రోజో ముందే కనుక్కుని ఆ రోజు ఆ దారి వదిలెయ్యండి. వలిసె పూలు పూసిన పొలంలో బండి దింపి ఫోటో తీసుకోవడం ఆ రైతు నూనెగింజల్ని తొక్కడమే. సైలెన్సరు కంపెనీదే ఉండాలి. చప్పుడు చేసే సైలెన్సర్లతో వచ్చిన ఒక్క గుంపు చాలు, తరవాత వచ్చే అందరికీ ఆ ఊరు తలుపులు మూసెయ్యడానికి.

అడవి సంగతి వేరే చెప్పాలి. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా తిరగడం, మంట వెయ్యడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. అభయారణ్యాలూ జాతీయ పార్కులకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. పాపికొండల్లోనూ, నల్లమల పులుల అభయారణ్యంలోనూ ట్రైల్ అన్న ఆలోచనే వద్దు. ఊళ్ళ మధ్య ఉన్న దారులే మనకి చాలు. గుడారానికి ఊరి పెద్దనీ, ఆ నేల ఎవరిదో వాళ్ళనీ అడగాలి. గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉన్న ప్రాంతం, నేల గిరిజనులది. అద్దె మాట ముందే మాట్లాడి చేతికివ్వండి. దగ్గర పోలీసు స్టేషనులో పేర్లు, బండి నంబర్లు, ఎన్ని రోజులో చెప్పండి. గంజాయి తనిఖీల వల్ల చెక్‌పోస్టుల్లో సంచీలు విప్పిస్తారు, విప్పేలా కట్టుకోండి, ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు పైనే పెట్టుకోండి.

గుడారం గెడ్డ ఒడ్డున వేస్తే అందంగా ఉంటుంది, వెయ్యకండి. పైన కొండ మీద పడ్డ వాన కింద మీకు తెలియదు, నీళ్ళు రాత్రికి రాత్రి వస్తాయి. చల్లగాలి కూడా లోయ అడుగుకే జారుతుంది. గెడ్డకి అరవై మీటర్లకి మించిన దూరంలో, కాస్త ఎత్తున, ఎండుకొమ్మలున్న చెట్టుకి దూరంగా వెయ్యండి. లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరు, జనవరుల్లో చలి సున్నా దగ్గరకి వెళ్ళే రాత్రులుంటాయి. స్లీపింగ్ బ్యాగు మీద రెండు అంకెలుంటాయి, కంఫర్ట్ అన్నదే చూడాలి, అది 5 డిగ్రీలు లేదా తక్కువ ఉండాలి. అంతకంటే ముఖ్యం కింద వేసే ఫోమ్ చాప. ఒంటి వేడిని లాగేసేది గాలి కంటే నేలే. చలికి భయపడి టెంటు గాలికన్నాలు మూసేస్తే ఊపిరి తడి లోపలే చెమరించి తెల్లారేసరికి బ్యాగు తడిసిపోతుంది. కన్నాలు తెరిచి, టోపీ పెట్టుకుని పడుకోండి.

దోమతెర జిప్పు మాత్రం సాయంత్రం నుంచీ మూసే ఉండాలి. పాడేరు ఏజెన్సీ మలేరియా ప్రాంతం, తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకి ఎక్కడికెళ్ళారో చెప్పాలి. కట్లపాము నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకే వస్తుంది, కాటు నొప్పి తెలియకపోవచ్చు. పొద్దున్న కనురెప్పలు వాలుతున్నా, కారణం లేని కడుపునొప్పి వచ్చినా పాము కాటేమోనని అనుమానించి కదలాలి. తాడు కట్టొద్దు, కోత పెట్టొద్దు, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి. బూట్లు టెంటు లోపలే పెట్టండి, తొడిగేముందు దులపండి.

వంటకి మంట వద్దు, గ్యాస్ పొయ్యి చాలు. మన దగ్గర దొరికే చిన్న డబ్బాల్లో ఎక్కువగా బ్యూటేన్ ఉంటుంది. అది సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవ్వడం మానేస్తుంది, తెల్లవారుజామున పొయ్యి వెలగకపోవడానికి కారణం అదే. రాత్రి డబ్బాని బ్యాగులో పక్కన పెట్టుకుని పడుకోండి. పొద్దున్న ఉప్మాకి ఆరుగురికి ముప్పావు కిలో రవ్వ, రెండుంబావు లీటర్ల నీళ్ళు. రాత్రి భోజనం ఊళ్ళోనే చెప్పుకోవడం మేలు, మనిషికి 150 గ్రాముల బియ్యం చొప్పున లెక్కేసి, డబ్బు ముందే ఇచ్చి. తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి ఐదు లీటర్లు. మూడు క్యాన్లు అందుకే. మందు విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది: రాత్రి తాగినవాడు ఆదివారం ఉదయం బండి ఎక్కకూడదు, ఆ సంగతి శుక్రవారమే అందరికీ చెప్పెయ్యాలి.

ఫోను సిగ్నలు చాలా చోట్ల ఉండదు. మ్యాపు ముందే దించుకుని, సిగ్నలు దొరికిన ప్రతి చోటా దాని మీద గుర్తు పెట్టుకుంటూ వెళ్ళండి. దెబ్బ తగిలినప్పుడు ఆ గుర్తే 108కి దారి. అమెరికా నుంచి సెలవులకొచ్చి కలిసే మిత్రులకి ఒక హెచ్చరిక: అక్కడ అందరూ జేబులో వేసుకునే ఉపగ్రహ మెసేజ్ పరికరాలు ఇక్కడ ప్రభుత్వ అనుమతి లేకుండా తేవడం నేరం. వాటితో విమానాశ్రయాల్లో పట్టుబడినవాళ్ళున్నారు. ట్రైల్‌లో ఎక్కువగా విరిగేవి భుజం దగ్గరి కాలర్ ఎముకలు, మణికట్లు, చీలమండలు. త్రికోణపు గుడ్డలు రెండు, వంచితే నిలిచే పట్టీ బద్ద ఒకటి, వెడల్పు క్రేప్ బ్యాండేజీలు నాలుగు ఆఖరివాడి సంచీలో ఉండాలి. చీలమండ వాచినవాడి బూటు అక్కడే విప్పకండి, మళ్ళీ ఎక్కదు. అదే కట్టుగా పనిచేస్తుంది.

ఆదివారం చుట్టు చిన్నదిగా, ఇరవై కిలోమీటర్లే పెట్టుకోండి. నిన్న నలిగిన చేతులు ఇవాళ క్లచ్‌ని ఆలస్యంగా వదులుతాయి. 11 గంటలకి గుడారం మడవాలి. జీపు వచ్చేలోగా ప్రతి చక్రం స్పోకులనీ చిన్న స్పానరుతో మీటి చూడండి, మోగకుండా డబ్బుమన్నది వదులైనట్టు. గొలుసు బ్రష్‌తో దులిపి, ఇప్పుడు ఆయిలు పుయ్యండి, దుమ్ములో పూస్తే అది గరుకు ముద్దయి గొలుసుని అరగదీస్తుంది. ఫుట్‌రెస్టు, సైలెన్సరు బోల్టులు చూసి, అద్దాలు బిగించి, టైర్లలో మళ్ళీ 25, 30 దాకా గాలి కొట్టండి. 18 పీఎస్‌ఐతో ఘాట్ మలుపుల్లో దిగితే టైరు పక్కకి దొర్లి బండి మాట వినదు. రెండు పంపులు తెచ్చింది అందుకే, పన్నెండు చక్రాలకి ఒక పంపుతో మధ్యాహ్నం అయిపోతుంది.